వెండి వాసన పట్టే మిషన్

"పాతిపెట్టిన. ఇగ నీ ఇష్టం, దేవులాడుకో," అంది రాజమణి, మిరపచేనులోంచి బయటికి వచ్చి చేతుల మట్టి దులుపుకుంటూ.

అంతసేపూ అటు తిరిగి కళ్లు మూసుకుని నిలబడ్డ ఐలయ్య అప్పుడు కళ్లు తెరిచాడు. పెళ్లాం ఎక్కడ పాతుతుందో చూడనని ముందే ఒట్టేశాడు మరి.

ఐలయ్యది రేగొండలో రేడియోలు బాగుచేసే దుకాణం. ఊళ్లోకి టీవీలు దిగాక రేడియోలు రావడం తగ్గింది, ఐలయ్యకు తీరిక పెరిగింది. తీరిక పెరిగిన మగవాడు ఊరుకుంటాడా? ఓ మిషన్ తయారుచేశాడు. పాత రేడియోల్లోంచి పీకిన కాయిళ్లు, ట్రాన్సిస్టర్లు ఓ చెక్కపెట్టెలో బిగించాడు. భూమిలో రెండు ఇనుప చువ్వలు దిగ్గొట్టి పెట్టెను వాటికి తగిలించాలి. నాబ్‌ను తిప్పుతూ తిప్పుతూ వెండికి సరిపోయే చోట ఆపాలి. అప్పుడు చేతిలో పట్టుకున్న రెండు ఇత్తడి కడ్డీలు, వెండి ఎంత దూరాన ఉన్నా అటే తిరుగుతాయట. మెట్టెల్లాంటి చిల్లర వెండికి కదలవట. గట్టి సరుకే కావాలట. ఈ 'అట'లన్నీ ఐలయ్యవే.

అంతటితో ఆగితే రాజమణి నవ్వి ఊరుకునేదే. కానీ వరంగల్ నుంచి పురుషోత్తం అనే పెద్దమనిషి జీపేసుకుని దిగాడు. గుట్టల్లో లంకెబిందెలున్నాయి, మిషన్ తీసుకుని నా వెంట రా అన్నాడు. ఆ జీపు రేపు మళ్లీ వస్తుంది.

రాజమణి అడ్డం పడింది. "ఆ గుట్టలళ్ల నరబలులు ఇస్తరంట. పోలీసోళ్లకు దొరికితే బొక్కలు ఇరగ్గొడ్తరంట. లంకెబిందెలకు పోయినోడు మర్లి సక్కగ వచ్చిండా ఎన్నడన్న? నీకేమన్నయితే నేనేం గావాలె?" అని ఏడ్చింది. అన్నం మానేసింది. ఐలయ్య చెవికెక్కితేనా!

చివరికి ఆమే పందెం కాసింది. "మా నాయనమ్మ దండకడియం మన చేన్ల పాతిపెడ్త. పొద్దుగూకేలోపు నీ మిషన్ పడితే, సద్దిగట్టి నేనే జీపెక్కిస్త. పట్టకపోతే దాన్ని బాయిల ఎయ్యాలె. మళ్ల గుట్టల ముచ్చట తియ్యొద్దు."

ఆ దండకడియం గట్టి వెండి. మిషన్‌ను ట్యూన్ చేసింది కూడా దాన్ని ఎదురుగా పెట్టుకునే. ఐలయ్య ఎగిరి గంతేశాడు.

పక్కచేను పోశాలు, అతని భార్య చంద్రమ్మ పనులు మానుకుని తమాషా చూడటానికి వచ్చారు.

ఐలయ్య తూర్పు గట్టున చువ్వలు దిగ్గొట్టాడు. నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పాడు. పెట్టె జుయ్యిమంది. కడ్డీలు ఊగి ఊగి, రెండూ కూడబలుక్కున్నట్టు మోటారు కొట్టం వైపు తిరిగాయి. అక్కడ పైపు దగ్గర రాజమణి కాళ్లు కడుక్కుంటోంది.

"మోటర్ల అంత రాగి తీగ ఉంటది గద. గది గుంజుతున్నది," అన్నాడు ఐలయ్య, నాబ్ సవరిస్తూ.

పడమటి గట్టుకు మారాడు. ఈసారి కడ్డీలు చేను మొహమే చూడలేదు. చంద్రమ్మ, రాజమణి ముచ్చట్లు పెట్టుకుని కూచున్న బండి వైపు తిరిగాయి.

"బండి గీరెలకు ఇనుప పట్టీ ఉన్నది."

"నా బండి వెండిదని నాకే ఎరుకలేకపాయె బావా!" అన్నాడు పోశాలు. అయినా పాపం, ఎడ్లను కట్టి బండిని దూరం తోలుకుపోయాడు.

మధ్యాహ్నం దాటింది. రాజమణి కూరకని నాలుగు పచ్చిమిరపకాయలు తెంపుకోవడానికి చేనులో దిగింది. అప్పుడే కడ్డీలు గిర్రున చేనులోకి తిరిగాయి! ఐలయ్య కేకేసి, గడ్డపార పట్టుకుని ఉరికాడు. "జరుగే, జరుగు! చెట్లు పోతె పోనియ్యి!" రాజమణి కాయలు ఒళ్లో వేసుకుని గట్టుకు వెళ్లిపోయింది. ఐలయ్య మోకాలి లోతు తవ్వాడు. మట్టి, వానపాములు, మళ్లీ మట్టి. లేచి కడ్డీలు పట్టుకుంటే అవి ఇంకో దిక్కు చూపించాయి.

"కొండను తవ్వి ఎలుకను వట్టిండన్నరు. నీకు ఎలుక గూడ దొరకకపాయె బావా," అని పోశాలు కడుపు పట్టుకుని నవ్వాడు.

ఆ తర్వాత ఐలయ్య బ్యాటరీలు మార్చాడు. చువ్వలను తడినేలలో దిగ్గొట్టాడు. చెప్పులు విప్పి నిలబడ్డాడు. కడ్డీలు గట్టుకోసారి, చెలకకోసారి, బాయికోసారి తిరిగాయి. పొద్దు మాత్రం తిన్నగా పడమటికే పోయింది.

ఐలయ్య చువ్వలు పీకేశాడు. పెట్టెను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బాయి దాకా వెళ్లాడు. కాసేపు దాన్ని అలాగే పట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు. బుడుంగుమంది. అతని కళ్లలోంచి నీళ్లు జలజలా కారాయి. రాజమణి కూడా కొంగుతో కళ్లొత్తుకుంది. గెలిచినామె ఎందుకు ఏడుస్తుందో పోశాలుకు అర్థం కాలేదు.

"ఏడ పాతినవో జర చూపియ్యవే," అన్నాడు ఐలయ్య. "ఏడ తప్పు జరిగిందో తెలిస్తే సాలు. నా పానం నిమ్మలమైతది."

"చూస్తే రేపే ఇంకో మిషన్ మొదలువెడ్తవ్. నువ్వు గీడనే ఉండు, నేను తీస్కొస్త."

ఐలయ్య ముక్కు చీదుకుంటూ గట్టు మీద కూలబడ్డాడు.

మిరపచెట్ల నడుమ గొంతుక్కూచుని రాజమణి, పొద్దుటి నుంచీ తన రొంటినే ఉన్న దండకడియాన్ని బయటికి తీసి, దానికి ఇంత మట్టి పూసింది.