నలభై ఒకటో గీత

“చనిపోయినవాళ్ల వరుసలు తీసెయ్యమ్మా, రిపోర్టు నీటుగా ఉండాలి” అని రిపోర్టు తయారుచేసే అమ్మాయికి డాక్టరుగారు చెప్పి ఇంటికెళ్లిపోయారు. ఆసుపత్రిలో రోగులు రోజుకెన్ని అడుగులు నడిచారో చూపించే రిపోర్టు అది. తియ్యాల్సింది ఒక్క వరుసే, పోయిన నెల ఇక్కడే కన్నుమూసిన ఆ అమ్మాయి వాళ్లమ్మది. గుండె రాయి చేసుకుని కోడ్‌లో ఆ వరుసను తీసేసే లైను రాసింది.

పట్టికలో నలభైమందే మిగిలారు. మనిషికో గీత ఉండే చార్టులో మాత్రం నలభై ఒక్క గీతలున్నాయి. మళ్లీ రన్ చేసింది. పోయిన నెలలోనే ఆగాల్సిన అమ్మ గీత ఈ రాత్రిదాకా సాగింది.

వరండాలో ఎవరో కుడికాలు ఈడుస్తూ నడుస్తున్నారు, అచ్చం అమ్మలాగే. అడుగు పడినప్పుడల్లా గీత కాస్త పైకి లేస్తోంది. తలుపు దాకా వచ్చాక చప్పుడు ఆగింది. గీతా ఆగింది.

ఆమె తలుపువైపు తిరిగింది.

“వెళ్లిపోకమ్మా. నిన్ను తీసేసిన లైను ఇప్పుడే చెరిపేస్తున్నా.”