పేరిందేవి మొహమాటం

వార్డు సభలకు మనుషులు వెళ్లడం మానేసి నాలుగేళ్లయింది. మున్సిపాలిటీవాళ్లే ఇంటికొక 'నీడ'ను ఇచ్చారు. అది ఇంటివాళ్ల మాటతీరు, మనస్తత్వం ఒంటబట్టించుకుని, ఫోన్లోంచే సభకు హాజరై, వాళ్ల తరఫున వాదించి ఓటేసి వస్తుంది.

పేరిందేవి అరుగు మీద బేరానికి అట్లు పోస్తుండగా ఆమె నీడ సభ ముగించుకుని వచ్చింది.

"వీధి చెత్తడబ్బా మన గుమ్మం ముందే పెడతారటమ్మా. సరేనన్నాను."

"నీ మొహం మండ! ఆ కంపులో అట్లు తినడానికి ఎవరొస్తారే? వద్దని చెప్పలేకపోయావా?"

"అందరూ 'మీరే పెద్దమనసు చేసుకోవాలి' అన్నారమ్మా. మొహమాటపడ్డాను."

యంత్రాన్ని నమ్ముకుంటే ఇంతేననుకుని పేరిందేవి పొయ్యి ఆర్పింది, చీర మార్చుకుంది, తానే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఎదురొచ్చి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"స్వయంగా వచ్చారు, అదే పదివేలు. ఆ వార్డులో మా కష్టం తెలిసిన మనిషి మీరొక్కరేనండీ," అన్నాడు.

ఆమె ఇల్లు చేరగానే నీడ ఆత్రంగా అడిగింది.

"డబ్బా వద్దని గట్టిగా చెప్పావా అమ్మా?"

పేరిందేవి చెప్పులు విడుస్తూ నీళ్లు నమిలింది.

"పక్క వీధి డబ్బా కూడా ఇక్కడే పెట్టుకోమన్నానే."