ఆఖరి సీను మార్చిన్రు

"సినిమా ఎట్లున్నది చాచా?" అని మైకు ముందట పెట్టిన.

కరీంనగర్‌ల మాట్నీ అప్పుడే వదిలిండ్రు. యానిమే అంటే జపానోళ్ల బొమ్మల సీరియల్; దాన్ని నిజం మనుషులతోని తీసి, తెలుగుల డబ్బింగ్ చేసిన సినిమా. నా యూట్యూబ్ ఛానల్ కోసం గేటు కాడ అందరినీ అడుగుతున్న. ఒకలు సూపరన్నరు, ఒకలు హీరో విగ్గు బాగలేదన్నరు. బాబు మియా అనే ఈ పెద్దమనిషి మాత్రం మస్తు కోపం మీదున్నడు.

"మోసం బేటీ. ఆఖరి సీను మార్చిన్రు. కథల ఉన్న ఆ బీమారి పిల్లను సంపిన్రు."

"మీరు యానిమే చూసిన్రా?"

"లే బేటీ, అది జపాన్ మాటలల్ల ఉంటది, బొమ్మ కింద వచ్చే అక్షరాలు నాకు చదువరాదు. నా బిడ్డ అతియా దవాఖాన మంచం మీద ఫోన్ల చూసుకుంట రోజింత కథ చెప్పేది. ఆ పిల్లకు గుడ అతియాకున్న బీమారే. ఆఖరుకు నయమై, నడుచుకుంట ఇంటికి పోతదన్నది."

"అతియా రాలేదా?"

"పోయిన బక్రీదుకు ముందు పానం ఇడిసింది." మైకు దిక్కు వంగిండు. "నాతోని ఎన్నడూ అబద్ధం ఆడలే. సినిమావాళ్లే మార్చిన్రు గదా?"

"అవు చాచా, వాళ్లే మార్చిన్రు," అన్న.

వీడియో పెట్టి చాచాకు గుడ పంపిన. కింద కామెంట్లల్ల రెండు వందల మంది నన్ను తిట్టిన్రు. "యానిమేల గుడ ఆ పిల్ల సచ్చిపోతది. చూడకుండనే రివ్యూలు చెప్తున్నవా?"

ఎవ్వలకూ జవాబియ్యలే. అవి చాచాకు చదువరాదు.

ఆ యానిమే నేను మూడుసార్లు చూసిన.