ఉప్పుకుండలో చుక్కాని

"ఓడ అయిపోనాదా జోగీ? రేపు ఏటకొస్తావా?" గుమ్మంలో నిలబడి అడిగాడు బావ వరసైన నూకయ్య.

పొయ్యి దగ్గరున్న గురమ్మ గుండె జారిపోయింది. ఆమె మొగుడు జోగయ్య, తన అన్నని సముద్రం మింగినప్పటి నుంచీ వేటకి వెళ్ళలేదు. విదేశీ ఓడలో కలాసీగా ఉన్న అతని తమ్ముడు బొమ్మ ఓడ కట్టుకునే చెక్కముక్కల పెట్టె పంపితే, అవన్నీ అతికించి, వైకింగులనే పాతకాలపు సముద్రవీరుల ఆ ఓడకి బొట్టు పెట్టిన మర్నాడే సముద్రంలోకి దిగుతానని గంగమ్మ మీద ఒట్టేశాడు.

"సుక్కాని అగుపడ్నేదు బావా," అన్నాడు జోగయ్య. "అది నేకుండా బొట్టెట్టకూడదు కదా."

గురమ్మ ఉప్పుకుండ వైపు చూడలేదు. చుక్కానిని అందులో దాచింది తనే.

"పడవలు సెక్కినోడివి, ఆ సిన్నముక్క సెక్కనేవా? సెక్కీసి పొద్దున్నే రా," అని నూకయ్య వెళ్ళిపోయాడు.

జోగయ్య కత్తి తీశాడు. గురమ్మ ఆ కత్తి వైపే చూసింది. నిజమే, అతనికది ఎంతసేపు పని!

కానీ కత్తి చెక్క మీద ఆనలేదు. కాసేపటికి దాన్ని పక్కన పెట్టేశాడు.

"ఒసే," అన్నాడు తలెత్తకుండా, "ఆ ఉప్పుకుండ మీద మూత సరిగ్గా ఎట్టు. సుక్కాని పైకి అగుపిస్తన్నాది."