హీరోను దాటొద్దు

డిసెంబరు ఏడు పొద్దున్నే రెండు ఇడ్లీలు తిని, రిటైరైన కో-డైరెక్టర్ సత్యనారాయణమూర్తి షోకేసులో భార్య ఫొటో పక్కన చోటు ఖాళీ చేశాడు.

"అరవై అయిదు నిండాయి సత్యలక్ష్మీ! ఇవాళ్టి అరవై అయిదు దాటినవాళ్ల పరుగు పందెంలో నేనే చిన్నవాణ్ణి, కప్పు నాదే!"

పందెంలో ఫిల్మ్ నగర్ ఎత్తు మీద ఒక బక్కపలచటి మనిషి అతణ్ణి అవలీలగా దాటేశాడు. మూర్తి రొప్పుతూ ముగింపు గీత చేరేసరికి అతను కప్పుతో నవ్వుతున్నాడు.

"మీ వయసెంతండీ?"

"డెబ్బయ్యొకటి సార్. వెంకటనర్సయ్యను, కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టును."

"పరుగు ఎవరు నేర్పారు?"

"మీరే సార్! షూటింగులల్ల హీరో ఎనుక పదిపదిసార్లు ఉరికిచ్చిండ్రు. జర జోరుగ ఉరికితె, 'హీరోను దాటొద్దురా' అని మైకుల ఒర్రేటోళ్లు. ఇయ్యాల మైకు లేదు, దాటేసిన!"

"అన్నేళ్లూ దాటగలిగీ ఆగావా?"

"ఆగితెనే గద సార్ బువ్వ!"

ఇద్దరూ పగలబడి నవ్వుతూ రోడ్డు మీదే కూలబడ్డారు.

ఆ రాత్రి మూర్తి, "కప్పు నర్సయ్యగారిది సత్యలక్ష్మీ. ట్రైనింగు మాత్రం నాదే!" అని ఫొటోకు చెప్పి, నవ్వాపుకుంటూ షోకేసు తలుపు మెల్లగా మూశాడు.