కొట్టని దెబ్బలు

“ఒక్క దెబ్బయినా కొట్టనేదంతన్నాను కదా, మాస్టారూ. ఆ పేజీ తీసీ.”

మరిడమ్మ ఇలా పేజీలు తీయించడం ఇది నాలుగోసారి. దీక్షిత్‌కి తల బాదుకోవాలనిపించింది. రాజాంలో కాలేజీకి సెలవు పెట్టి, రెండు గంటలు బండి నడుపుకుంటూ ఈ రేవుకి వచ్చాడు. అతని చారిత్రక నవల సోమవారం అచ్చుకి వెళ్ళాలి.

నవల ఈమె భర్త జోగయ్య గురించే. యాభై అయిదేళ్ళ కిందట జీడితోటలో తలదాచుకున్న నక్సలైట్ దళాన్ని పోలీసులు చుట్టుముట్టారు. ముగ్గురు కుర్రాళ్ళు చనిపోయారు. పది రోజులకి దళంలో మిగిలినవాళ్ళు వచ్చి, పోలీసులకి చెప్పాడంటూ జోగయ్యని ఇంటి ముందే కాల్చేశారు. అప్పటినుంచి ఇది ఇన్‌ఫార్మర్ ఇల్లు. పడవ మీద మాటా మాటా వస్తే మనవడు నాగబాబుని ఇప్పటికీ ఆ పేరుతోనే తిడతారు.

దీక్షిత్ నాలుగేళ్ళు తిరిగి అసలు సంగతి పట్టుకున్నాడు. దాడికి ముందు మూడు రోజులూ జోగయ్య సముద్రం మీదే ఉన్నాడు. పోలీసులకి చెప్పే అవకాశమే లేదు. అది పుస్తకంలోకి ఎక్కితే ఇంటి మీద మచ్చ పోతుంది. నాగబాబు సంతోషం పట్టలేక మాస్టారికి రొయ్యలు కూడా పంపాడు.

ముసలమ్మే కొరకరాని కొయ్య. మొదటిసారి, జోగయ్య చనిపోతూ చేసిన రెండు పేజీల ఉపన్యాసం తీయించింది. ఏడాది మొత్తం కలిపినా ఆయన అంత మాట్లాడడట. రెండోసారి, తోటలో దళం తిన్న కోడికూర తీయించి ఎండు నెత్తళ్ళు పెట్టించింది. ఆ చేపలు తన గంపలోవేనట, దళంవాళ్ళు రోజూ తోట దగ్గరే కొనేవారట. మూడోసారి సంగతి దీక్షిత్‌కి గుర్తుచేసుకోవాలని కూడా లేదు.

“పోనీ, హెడ్ కానిస్టేబుల్‌ని సరిగ్గా రాశానా?” అన్నాడు ఓపిక కూడదీసుకుని. “కోరమీసాలు, ఎర్రటి కళ్ళు...”

“ఆడికి మీసాలే నేవు. నాను సేపలమ్ముకుని వస్తంటే ఆపి, ‘ఏటే మరిడీ, పొద్దెక్కకుండానే గంప కాళీ అయిపోనాది, ఎవులు కొనీసినారు?’ అని నవ్వుతా అడిగీవోడు. మంచోడే.”

“మంచి పోలీసు నా నవలకి పనికిరాడు మామ్మా!”

“అయితే ఆ నవలే మానీ.”

పక్కనే కూర్చుని టీ తాగుతున్న నాగబాబు విసుక్కున్నాడు. “మామ్మా! మాస్టారు మన మంచికే కదా రాస్తన్నారు? తాత మీద నింద పోవద్దేటి?”

“పోనక్కర్నేదు. ఉండనీ.”

దీక్షిత్‌కి ఒళ్ళు మండింది. ఈ ఇంటి పరువు కోసం ఈ ఇంటి మనిషితోనే పోట్లాడాల్సి వస్తోంది.

“చూడు మామ్మా. ఆ రోజు వచ్చిన దళంవాడు ఒకాయన ఇంకా బతికే ఉన్నాడు. ‘నేనే చెప్పాను’ అని జోగయ్య అందరి ఎదుటా ఒప్పుకున్నాడంటున్నాడు. చెప్పనివాడు ఎందుకు ఒప్పుకుంటాడు? చావగొట్టి ఉంటారు. అందుకే ఆ దెబ్బలు రాశాను. అవి తీసేస్తే చదివేవాడు నమ్మడు.”

“గుమ్మం కాడ నాను నిలబడున్నాను బాబూ. కొట్టనేదు. ఎవులు సెప్పినారని అడిగినారు, అంతే. అడిగినోడూ ఏడుస్తన్నాడు. తోటలో సచ్చిపోనోళ్ళలో ఆడి తమ్ముడున్నాడట.”

“దళంవాడు ఏడ్చాడని రాస్తే అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిసి నన్ను తంతారు!”

“రాయకు మరి. ఒగ్గీ.”

నాగబాబుకి ఇక ఉండబట్టలేదు. చేతిలోని టీగ్లాసు నేల మీద ఠక్కున పెట్టాడు.

“ఏటి ఒగ్గీడం? తాత సెప్పనేదు, ఆళ్ళు కొట్టనేదు. మరి సెప్పినానని ఎందుకు ఒప్పుకున్నాడే?”

మరిడమ్మ మనవడి వైపు తిరిగింది. ఈ ప్రశ్న ఎవరు అడుగుతారోనని ఆమె ఇన్నేళ్ళూ భయపడుతూనే ఉంది.

“సెప్పినది నాను కాబట్టి.”