మెట్ల కింది కార్డు

లారీ ఇంజను దగ్గితే చాలు, రెండు వీధుల అవతలి నుంచే దాని జబ్బు చెప్పగల మెకానిక్ అతను.

అలాంటివాణ్ని కూతురు ఒక కంప్యూటర్ అడిగింది. ఆటలాడుకోవడానికి.

"రెడీమేడ్‌ది దేనికే? సామాను తెచ్చి నేనే బిగిస్తా. ఆటలు నీకు, సినిమాలు మీ అమ్మకి. టీవీకి తగిలించామంటే ఇల్లే సినిమా హాలు!"

"మీరు బాగుచేసిన ఫ్యాను ఇప్పటికీ వెనక్కే తిరుగుతోంది," అంది భార్య.

అయినా ఫ్రిజ్ కోసం దాచిన డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది.

కూతురు ఊరుకుంటుందా? క్లాసంతా టముకు వేసింది. ఆదివారం చూడ్డానికి వస్తామన్నారు నలుగురు స్నేహితురాళ్లు.

"నాన్నా, పనిచేస్తుందిగా? లేకపోతే నేనింక స్కూలుకి వెళ్లను."

"ఇరవై టన్నుల లారీని పరిగెత్తించేవాడికి ఇదొక లెక్కటే!"

సామానంతా కొన్నాడు. గ్రాఫిక్స్ కార్డు దగ్గర బండి ఆగిపోయింది. ఆటల్లో బొమ్మని పరిగెత్తించేది అదేనట. ధర వినగానే అతని గుండె ఒక గేరు తప్పింది.

కంప్యూటర్ మార్కెట్‌లో మెట్ల కింద ఒక పెద్దాయన చిన్న బల్ల వేసుకుని పాత సామాను అమ్ముతున్నాడు.

"నా దగ్గర ఇంతే ఉంది పెద్దాయనా. కార్డు వస్తుందా?"

"ఈ డబ్బుకొచ్చేవన్నీ కాటికి కాళ్లు చాపినవే బాబూ. ఓ నెల ఆగితే మంచిది చూస్తా."

"నెలా? ఆదివారం మా పిల్ల ఫ్రెండ్సొస్తున్నారు. ఊరంతా చెప్పుకుంది!"

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు.

"సరే, శనివారం రండి."

శనివారానికి కార్డు సిద్ధం. దుమ్ము రేణువైనా లేదు. మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

"మంచిదేనా?"

"పూచీ నాది."

మెకానిక్ కూర్చుని ప్రతి స్క్రూనూ లారీ చక్రం నట్టులా బిగించాడు. సామానుతో పాటు ఎలా బిగించాలో రాసిన కాగితం కూడా వచ్చింది. కాగితం చదివి పనిచేయడం వాళ్ల వంశంలోనే లేదు.

ఆదివారం నలుగురూ వచ్చి సోఫాలో కూర్చున్నారు.

ముందు సినిమా పెట్టాడు. బొమ్మ అద్దంలా ఉంది. స్పీకర్ల దెబ్బకి గోడ దూకిన పక్కింటి పిల్లి ఇప్పటిదాకా తిరిగి రాలేదు.

తర్వాత ఆట పెట్టాడు.

తెర మీద కారు కదిలింది. ఆగింది. కదిలింది. వెనకాల నత్త వస్తే హారన్ కొట్టేది.

"ఏమే, దిగి తొయ్యాలా?" అంది ఒక పిల్ల.

మిగతావాళ్లు కిసుక్కుమన్నారు.

కూతురు లోపలికి పోయి తలుపేసుకుంది.

సినిమా బాగుంది, ఆట బాగాలేదు. అంటే లోపం కార్డులోనే! పూచీ అని నమ్మించి గొంతు కోశాడు ముసలాడు!

కార్డు ఊడబెరికి మార్కెట్‌కి ఉరికాడు మెకానిక్.

"దొంగ! మెట్ల కింద దుకాణం పెట్టి మనుషుల్ని ముంచుతావా?"

జనం మూగారు.

"బాబూ, టీవీ వైరు ఏ కంతలో పెట్టారు?"

"కంతలో పడింది వైరు కాదు, నేను! నీ మాట నమ్మి!"

"ఒక్క నిమిషం, నేను చెప్పేది..."

"పసిపిల్ల పరువు తీశావు కదయ్యా! నీకు పిల్లల్లేరా?"

పెద్దాయన డబ్బంతా తిరిగిచ్చేశాడు. కార్డుని మళ్లీ గుడ్డలో చుట్టుకున్నాడు.

మెకానిక్ తన మోపెడ్ అమ్మేసి అద్దాల షాపులో కొత్త కార్డు కొన్నాడు.

దాంతోనూ అదే నత్త నడక.

షాపుకి ఫోన్ చేసి తిడితే టెక్నీషియన్‌ని పంపారు. ఇరవై ఏళ్ల అమ్మాయి.

"మీదీ మెట్ల కింద ముసలాడి బాపతేనా అమ్మాయ్? వాడు నన్ను నిలువునా ముంచాడు. నలుగురిలో కడిగేశాలే!"

అమ్మాయి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. కంప్యూటర్ డబ్బా వెనక్కి వంగి చూసింది.

"సార్, టీవీ వైరు పై కంతలో పెట్టారు. అది లోపలి మదర్‌బోర్డుది. దాంతో సినిమాలైతే నడుస్తాయి. కార్డు కంత ఇదిగో, కిందది. మీ కార్డు ఇన్నాళ్లూ కొత్తల్లుడిలా పనీపాటా లేకుండా కూర్చుంది."

వైరు లాగి జానెడు కిందికి పెట్టింది.

తెర మీద కారు దూసుకుపోయింది. కూతురు గంతులేసింది.

మెకానిక్ వంగి పై కంతనీ కింది కంతనీ మార్చి మార్చి చూశాడు.

"అయితే... ఆ పాత కార్డు కూడా..."

"బంగారం సార్ అది."

"నా నోరు పడిపోను! ఇప్పుడే వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటా. మెట్ల కిందే ఉంటాడుగా?"

"లేరు సార్. దొంగ అన్నాక మార్కెట్ వాళ్లు అక్కడ కూర్చోనివ్వలేదు. బల్ల కూడా అమ్మేశారు. ఇప్పుడు స్క్రూడ్రైవర్ ముట్టుకోమన్నా ముట్టుకోవడం లేదు."

"ఇవన్నీ నీకెలా తెలుసమ్మా?"

అమ్మాయి డబ్బాకి ఆఖరి స్క్రూ బిగించింది.

"ఆ శనివారం మా నాన్న నా కంప్యూటర్ విప్పి కార్డు తీసుకుంటూ, 'ఎవరో పిల్ల రేపు ఫ్రెండ్స్ ముందు చిన్నబోకూడదు తల్లీ, నువ్వో నెల ఓర్చుకో' అన్నారు సార్."